పాలత్త కొట్టం, పక్కనే బీరువాల షెడ్డు

మా మేనత్తది పెద్ద గొంతు. ఆమె వాకిట్లో నిలబడి "పాలూ!" అని ఒక్క కేక వేసిందంటే వీధి చివరి ఇంట్లో గిన్నె కడగడం మొదలుపెట్టేవారు. గోడ మీద కునుకు తీస్తున్న పిల్లి లేచి, ఇంకో గోడ వెతుక్కుంటూ వెళ్లిపోయేది. మూడు ఆవులను పెట్టుకుని పాలు పోసి బతికే మనిషి కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఆమెను పాలత్త అనేవారు. అలాంటి పాలత్త చప్పుడు మీద యుద్ధానికి దిగిందని తెలిసినప్పుడు వీధిలో నవ్వని వాళ్లు లేరు. నేనూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

నేను అప్పట్లో వాళ్లింట్లోనే, ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఉండేదాన్ని. అందువల్ల జరిగిందంతా కిటికీలోంచి చూశాను, కొంత దగ్గరుండి చూశాను.

పాలత్త పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లోకి అద్దెకు దిగింది. పెరట్లో ఒక ముసలి ఆవు కట్టేసి ఉండేది. ఇంటి యజమాని దాన్ని ఎవరికో తోలేస్తానంటే, "దాన్నెందుకండీ తోలేయడం, నేను చూసుకుంటాను" అని అత్త అడ్డుపడింది. అప్పటికి ఆమెకు ఆవుకి గడ్డి ఏ వైపు నుంచి వేయాలో కూడా తెలియదు. ఆ ముసలిది పోయేలోగా ఒక పెయ్యను ఈనింది. ఆ పెయ్య సంతతే ఇప్పుడున్న మూడూ. పెద్దది రాణిగారు. బకెట్టు శుభ్రంగా తోమి పెడితే తప్ప కుడితిలో మూతి పెట్టదు కాబట్టి ఆ పేరు. రెండోది తిండిపోతు. దాని గురించి చెప్పక్కర్లేదు. మూడోది చిన్నమ్మాయి, అప్పుడు తొలిచూలు కడుపుతో ఉంది.

పాలు పితికేది మామయ్య. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. "పెళ్లి కుదిరినప్పుడు మీ మామ నన్ను ఒకే ఒక్క మాట అడిగాడే, నీకు ఆవులంటే భయమా అని. లేదన్నాను. ఇంక ఆ తర్వాత అడగడానికి ఏమీ మిగల్లేదు ఆయనకి" అని అత్త పగలబడి నవ్వుతూ చెప్పేది. ఆయన మాట్లాడేదంతా ఆవులతోనే. అదీ మాటలతో కాదు. పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, సన్నగా కూనిరాగం తీసేవాడు. ఆ రాగం చెవిన పడగానే రాణిగారు కళ్లు సగం మూసుకుని చేపడం మొదలుపెట్టేది. చేపడమంటే పాలను పొదుగులోకి దింపడం. ఆవు తనంతట తాను దింపితేనే పాలు, లేకపోతే పితికేవాడి వేళ్లు పడిపోవాల్సిందే. కాసేపటికి బకెట్టులో జుయ్యి, జుయ్యి అని ధార పడే చప్పుడు వినిపించేది. నేను ఆ చప్పుడుకే నిద్ర లేచేదాన్ని.

కొట్టం వెనక గోడకు ఆనుకుని ఒక పాత గోడౌను ఉండేది. ఏళ్ల తరబడి తాళం వేసి ఉండేది. ఒకరోజు తాళం తెరుచుకుంది. బీరువాలు చేసే మేస్త్రీ ఒకాయన, ఇద్దరు పనివాళ్లతో, లారీ నిండా ఇనప రేకులతో దిగాడు. చామనఛాయ, పొట్టి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండే ముఖం. వీధంతా సంతోషించింది. పాడుబడ్డ చోట నాలుగు దీపాలు వెలుగుతాయనుకున్నారు. అత్త కూడా మొదటి రోజు చెంబుడు పాలు పంపించింది.

మర్నాడు పొద్దున్న మామయ్య పీట మీద కూర్చుని రాగం అందుకున్నాడో లేదో, గోడ అవతల రేకు మీద సుత్తి దెబ్బ పడింది. దాని వెనకే కటింగ్ మిషను కీచుమంది. రాణిగారు ఒక్క తన్ను తన్నింది. బకెట్టు ఒక పక్క, పీట ఒక పక్క, మామయ్య ఇంకో పక్క. పడినవాడు లేచి, పంచె దులుపుకుని, జీవితంలో మొదటిసారి నాకు వినపడేంత గట్టిగా ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయడం బాగుండదు.

అలవాటు పడతాయిలే అనుకున్నాం. పడలేదు. ఆవులు రోజంతా చెవులు నిక్కబొడుచుకుని గోడ వైపే చూసేవి. తిండిపోతు కూడా గడ్డి నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి నిలబడేది. చిన్నమ్మాయి పడుకోవడమే మానేసింది. కడుపుతో ఉన్నది అలా నాలుగు కాళ్ల మీదే ఊగుతూ ఉంటే చూడలేకపోయేవాళ్లం. చూరులో గూడు కట్టిన పిచ్చుకలు ఎటో వెళ్లిపోయాయి. పాలు సగానికి పడిపోయాయి.

మనుషుల సంగతీ అంతే. ఎదురింటి పెద్దాయన మధ్యాహ్నం కునుకు పోయి, రక్తపోటు వచ్చి, రేడియో వినడం మానేసి అందరి మీదా విసుక్కోవడం మొదలుపెట్టాడు. పక్కింట్లో పసిపాప నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చేది, దాన్ని ఊరుకోబెట్టలేక తల్లి ఏడ్చేది. మూల మీది టీ కొట్టతను "చక్కెర తక్కువ" అంటే "చక్కెర ఎక్కువ" అని విని, పాకం లాంటి టీ చేతిలో పెట్టేవాడు. ఒక పెద్దావిడ జాకెట్టుకి "మెడ చిన్నగా పెట్టమ్మా" అంటే నాకు "మెడ కిందికి పెట్టమ్మా" అని వినపడింది. కుట్టి ఇచ్చాక ఆవిడ వేసుకుని చూసుకుని, "ఈ వయసులో నాకిదేం సోకే" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. అయితే ఆ జాకెట్టు వెనక్కి ఇవ్వలేదు. అది వేరే సంగతి.

ఇక మా ఇంట్లో:

"ఏవండీ, తవుడు కలిపారా?"

"తాడు తెగిందా?"

మామయ్య పరుగున వెళ్లి కొత్త తాడు పట్టుకొచ్చేవాడు. అత్త తల పట్టుకునేది. ఆమె గొంతు మరీ పెరిగింది. ఆమెకు వినపడాలని మేమూ గొంతులు పెంచాం. సాయంత్రానికి అందరికీ తలలు దిమ్మెక్కిపోయి, ఏ కారణం లేకుండా ఒకరి మీద ఒకరం కస్సుమనేవాళ్లం.

పాలు తగ్గడానికి కారణం అత్తకు వెంటనే తట్టలేదు. తవుడు మార్చింది, గడ్డి మార్చింది, గడ్డి అమ్మేవాడితో పోట్లాడింది. చివరికి పశువుల డాక్టరమ్మను పిలిపించింది. ఆవిడ మూడింటినీ పరీక్ష చేసి, జబ్బేమీ లేదంది. చేతులు కడుక్కుంటూ ఉండగా అవతల సుత్తి పడింది. రాణిగారి చర్మం మెడ దగ్గర్నుంచి తోక దాకా వణికింది. డాక్టరమ్మ సబ్బు అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇది రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే డాక్టరమ్మా. పాడు మోత. మాకే చెవులు చిల్లులు పడుతున్నాయి."

"మనకి అది సుత్తి అని తెలుసు. దీనికి తెలీదు కదా. ఏదో మీద పడబోతోందనుకుంటుంది. పైగా మనకు వినపడనివి కూడా దీనికి వినపడతాయి. భయపడ్డ ఆవు పాలు బిగబట్టుకుంటుందమ్మా. మందులతో పోయేది కాదు ఇది."

అత్త ముఖం చూడాలి అప్పుడు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది. "ఇప్పుడే వస్తా" అంది. డాక్టరమ్మ సంచి సర్దుకునేలోగా షెడ్డు గుమ్మంలో ఉంది. ఏమవుతుందోనని నేనూ వెనకాలే పరిగెత్తాను.

లోపల మేస్త్రీ రేకు వంచుతున్నాడు. కటింగ్ మిషను ఆడుతోంది. అత్త రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని గొంతు విప్పింది.

"ఏమయ్యా! ఈ మోత ఆపుతావా, ఆపవా?"

మేస్త్రీ తలెత్తి, నవ్వు ముఖంతో చేతులు జోడించాడు. "రండి అక్కయ్యా, రండి! చూడండి, రెండు తలుపులదీ ఉంది, మూడు తలుపులదీ ఉంది!"

"నా ఆవులు పాలివ్వడం లేదు!"

"పాలరంగా? భేషుగ్గా వేస్తాం!"

"చెవుడా నీకు?"

"చెక్కదా? చెక్కదెందుకక్కయ్యా, చెదలు పట్టేస్తుంది. ఇనపదే తీసుకోండి!"

అత్త నోరు తెరిచింది, మూసింది. వీధి మొత్తాన్ని ఒక్క కేకతో లేపే మనిషి, అడుగు దూరంలో ఉన్నవాడికి ఒక్క ముక్క వినిపించలేకపోయింది. గిరుక్కున తిరిగి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత "పాలరంగట!" అంది. నేను ఆపుకోలేక కిసుక్కుమన్నాను. ఆమె నా వైపు కొరకొరా చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ రోజు ఆమె కోపం సగం అక్కడే కరిగిపోయిందని నా అనుమానం.

మర్నాడు తెల్లవారుతూ ఉండగా, షెడ్డు ఇంకా తెరవకముందే, మేస్త్రీ మా వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో కొలత టేపు. వెంట ఆయన భార్య, రంగులు పూసిన చిన్న చిన్న రేకు ముక్కలు పట్టుకుని.

"అక్కయ్యా, బీరువా ఏ గదిలో పెడతారో చూపిస్తే కొలత తీసుకుంటా."

అత్త ఏదో అనబోయింది. అంతలో మామయ్య లేచాడు. చేతులు పంచెకు తుడుచుకుని, మేస్త్రీ మణికట్టు పట్టుకుని, ఏమీ చెప్పకుండా కొట్టంలోకి తీసుకుపోయాడు. మేమందరం వెనకాల వెళ్లాం. మేస్త్రీని గడ్డి మోపు మీద కూర్చోబెట్టి, తను పీట మీద కూర్చున్నాడు. రాగం అందుకున్నాడు. అప్పటికి వీధిలో వేరే అలికిడి లేదు. రాణిగారు ఒకసారి గోడ వైపు అనుమానంగా చూసి, ఏ మోతా రాకపోయేసరికి మెల్లగా మెడ దించింది. బకెట్టులో ధార పడింది.

మేస్త్రీ భార్య రేకు ముక్కలు గుండెలకు ఆనించుకుని నిలబడిపోయింది. "ఎంత బావుందో, ఆ చప్పుడు" అంది, భర్త చెవి పక్కకు వంగి.

"ఏ చప్పుడు?" అన్నాడు మేస్త్రీ.

ఆమె తిరిగి చూసింది. "అదే, పాలు పడుతున్న చప్పుడు."

మేస్త్రీ ముందుకు వంగాడు. ఇంకొంచెం వంగాడు. బకెట్టు మీదికి చెవి పెట్టాడు. ఎప్పుడూ ఉండే నవ్వు ఆ ముఖం మీద ఏం చేయాలో తోచనట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. మామయ్య పితకడం ఆపలేదు. రెండో చేత్తో మేస్త్రీ అరచేయి తీసుకుని బకెట్టు పక్కకు ఆనించాడు. పడుతున్న ధార అదురు చేతికి తగిలింది. మేస్త్రీ చేయి తీయలేదు.

"ఇంట్లో నేను పిలిస్తే పలకడం మానేసి రెండేళ్లయింది వదినా" అంది అతని భార్య, అత్తతో నెమ్మదిగా. "పొగరనుకున్నాను. తువ్వాలు విసిరి పిలుస్తున్నాను."

అప్పుడు అత్త గొంతు సవరించుకుని సంగతంతా చెప్పింది. నిన్న వచ్చింది బీరువా కోసం కాదని, ఆవులు భయపడుతున్నాయని, పాలు తగ్గాయని, పసిపాపకు నిద్ర లేదని. మేస్త్రీ కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు.

"అక్కయ్యా, నీ మాట మాత్రం ముక్క ముక్కా వినపడుతోంది!"

"మరి నిన్న?"

"నిన్న మిషను ఆడుతోంది కదా." ఆయన గోడ అవతలి తన షెడ్డు వైపు చూశాడు. "పని మానేస్తే మేం తినేదేంటక్కయ్యా?"

"మానమని ఎవరన్నారు? నాకూ చేతుల కష్టమే కదా తిండి పెట్టేది. నీ పని నువ్వు చేసుకో, నా ఆవుల్ని వాటి పని చేసుకోనీ. దారి లేకపోతుందా?"

ఆ వారంలోనే మేస్త్రీ భార్య ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. పోయిన వినికిడి పోయినట్టేననీ, ఉన్నదాన్ని కాపాడుకోమనీ చెప్పాడట డాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ తనకూ, ఇద్దరు పనివాళ్లకూ చెవులు మూసే ఎర్రటి డిప్పలు కొనుక్కొచ్చాడు. పనివాళ్లు మొదట అవి పెట్టుకుని ఒకరినొకరు చూసుకుని పడి పడి నవ్వారు. రెండు రోజులయ్యాక "సాయంత్రం తల నొప్పి రావట్లేదు మేస్త్రీ" అన్నారు. ఆ తర్వాత తీయమన్నా తీయలేదు.

అసలు సరదా ఆ తర్వాత మొదలైంది. గోడకు ఇటువైపు అత్త, అటువైపు మేస్త్రీ. రోజుకో ఉపాయం. పని పాసో ఫెయిలో తేల్చేది రాణిగారి చెవులు. చెవులు నిక్కబొడుచుకుంటే ఫెయిలు. వాలిస్తే పాసు.

మొదటి ఉపాయం అత్తది. కొట్టంలో ఆ గోడ పొడుగునా ఎండుగడ్డి మోపులు పేర్చింది. చప్పుడు నిజంగానే తగ్గింది. రాణిగారు ఒక చెవి వాల్చింది కూడా. అత్త మురిసిపోయింది. మర్నాడు పొద్దున్నకి మళ్లీ మోత. వెళ్లి చూస్తే గోడ మధ్యలో పెద్ద కంత. దాని ముందు తిండిపోతు, గడ్డి పరక పెదవికి వేలాడేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. అడ్డుగోడను తినేసింది!

"చప్పుడుకి భయపడి నమలడం మానేసిందన్నావు కదా అత్తా" అన్నాను.

"చప్పుడు తగ్గాక ఆకలేసింది పాపం" అంది అత్త, దాన్ని వెనకేసుకొస్తూ.

రెండోది మేస్త్రీది. గోనె సంచుల్లో రంపపు పొట్టు కుక్కి, తన వైపు గోడకు వేలాడదీశాడు. వాటిని ఏ ఆవూ తినలేదు. మూడోది పనివాళ్లది. రేకును ఇనప దిమ్మె మీద కాకుండా ఇసక సంచి మీద పెట్టి వంచడం. దెబ్బ "ఠాంగ్" అనేది "దబ్" అనడం మొదలుపెట్టింది. మిషను కాళ్ల కింద పాత టైరు ముక్కలు పెట్టారు. ఒక్కొక్కటీ చేసినప్పుడల్లా మేస్త్రీ గోడ పక్క సందులోంచి తల పెట్టి అడిగేవాడు:

"రాణిగారేమంటోంది అక్కయ్యా?"

"ఎడం చెవి ఒప్పుకుంది! కుడి చెవి ఇంకా ఆలోచిస్తోంది!"

వీధిలో జనం పనులు మానుకుని ఈ విచారణ వినేవారు. టీ కొట్టతను రోజూ వచ్చి "ఇవాళ తీర్పేంటి?" అని అడిగేవాడు. చివరికి మిగిలింది కటింగ్ మిషను కీచుమనడం. దానికి ఏ సంచీ పనిచేయలేదు. అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పొద్దున్న పాలు పితికేటప్పుడు, సాయంత్రం పితికేటప్పుడు మిషను వేయకూడదు. పసిపాప నిద్రపోయే మధ్యాహ్నమూ వేయకూడదు. మిగతా వేళల్లో తలుపు మూసుకుని కోసుకోవచ్చు. దానికి మేస్త్రీ గునిశాడు. పని వెనకబడుతుందన్నాడు. రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత, రేకులన్నీ ఒకేసారి కోసి పెట్టుకుంటే మిగతా పని చకచకా అవుతోందని తనే ఒప్పుకున్నాడు.

పాలు ఒక్కరోజులో తిరిగి రాలేదు. కొంచెం కొంచెంగా పెరిగాయి. ఆవులకు నమ్మకం కుదరాలి కదా. ఒకరోజు మధ్యాహ్నం అత్త నన్ను చేయి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. చిన్నమ్మాయి కాళ్లు ముడుచుకుని, గడ్డం నేల మీద ఆనించి హాయిగా పడుకుని ఉంది. అత్త గుమ్మంలోనే నిలబడి, నా చెవిలో గుసగుసగా "చూశావటే" అంది. అత్తకు గుసగుసలాడడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

చిన్నమ్మాయి ఈనింది ఒక ఎండ రోజున, మంచి పని వేళ. తొలిచూలు కాబట్టి కష్టమైంది. మామయ్య పక్కనే కూర్చుని వీపు నిమురుతున్నాడు. అత్త వేడినీళ్లు తెస్తోంది. ఎవరూ చెప్పకుండానే అవతల పని ఆగిపోయింది. నేను తలెత్తి చూస్తే మేస్త్రీ, ఆయన భార్య, ఇద్దరు పనివాళ్లు, చెవుల మీద ఎర్ర డిప్పలతో సహా, కొట్టం గుమ్మంలో బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. డాక్టరమ్మకు కబురు పంపాం కానీ ఆవిడ ఇంకా రాలేదు. దూడ ముందుకాళ్లు బయటికి వచ్చాయి. అక్కడ ఆగిపోయింది.

"తమ్ముడూ, నీవి ఇనుము వంచే చేతులు. ఇలా రా" అంది అత్త.

మేస్త్రీ ముఖం వెలవెలబోయింది. అయినా వచ్చాడు. మామయ్య కళ్లతోనే చెబుతున్నాడు, ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆగాలో. ఆవు ముక్కినప్పుడు మెల్లగా లాగి, అది ఊపిరి పీల్చుకునేటప్పుడు ఆగుతూ, ఇద్దరూ కలిసి దూడను బయటికి తీశారు. తెల్లటి మచ్చ నుదుటి మీద పెట్టుకుని, తడి గడ్డిలో పడి, అది ఒక్కసారి తుమ్మింది. మేస్త్రీ గభాలున వెనక్కి జరిగి గడ్డి మోపు మీద కూర్చుండిపోయాడు.

"పెయ్యే!" అని అత్త వేసిన కేకకు టీ కొట్టతను గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

చిన్నమ్మాయి దూడను నాకడం మొదలుపెట్టింది. అది లేవబోయి పడింది, మళ్లీ లేచింది, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతూ ఉంటే పనివాళ్లిద్దరూ "అదీ! అదీ!" అని చేతులు చాచి దాని చుట్టూ తిరిగారు. ఎట్టకేలకు అది పొదుగు వెతుక్కుంది. తోక టపటపా కొట్టుకుంటూ తాగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇంక నాకు పనేం మిగిల్చారు?" అని నవ్వి, తల్లినీ పిల్లనీ చూసి అంతా బాగుందంది.

ఎవరూ కదలలేదు. అందరూ దూడనే చూస్తూ నిలబడ్డారు. మేస్త్రీ భార్య భర్త నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది. అప్పటికి ఎండ కొట్టంలోకి వాలింది. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నలుగురినీ ఒకసారి కలియజూసింది.

"ఇంకా ఎంతసేపు చూస్తారయ్యా, దూడని? అవతల ఎవరి బీరువానో సగం సగంగా పడుంది. వెళ్లండి, వెళ్లి కొట్టుకోండి!"

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లారు. గోడ అవతల ఇసక సంచి మీద "దబ్, దబ్" అని సుత్తి పడడం మొదలైంది. చిన్నమ్మాయి ఒక చెవి అటు తిప్పి, మళ్లీ దూడ వీపు నాకసాగింది. మామయ్య నా వైపు తిరిగి, "దీనికో పేరు చూడమ్మా" అన్నాడు.